గూట్లో గ్లాసు

మా ఇంటి ముందు గదిలో అద్దాల బీరువా ఒకటి ఉంది. అందులో గాజు గ్లాసులు, షర్బత్ జగ్గులు, ఫిర్నీ కప్పులు, పండ్ల గిన్నెలు కలిపి అరవై దాకా ఉంటాయి. ఒక్కటీ ఖరీదైంది కాదు. పటాన్‌చెరు కబాడీ దుకాణాల్లో, హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో, సంగారెడ్డిలో ఇల్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర పోగేసినవి. కొన్నింటిని కిలోల లెక్కన తూకం వేయించి తెచ్చాను. ఆ బీరువా చూసిన మిత్రులు "మీది నవాబుల ఖాందానా?" అని అడుగుతారు. సాయబు అంటే మనవాళ్లకు నవాబైనా కావాలి, పంక్చర్లేసేవాడైనా కావాలి. మధ్యలో ఇంకో సాయబు ఉంటాడని తోచదు.

మా తాత సంగారెడ్డి దగ్గరి ఒక ఊళ్లో పటేల్ ఇంట్లో జీతం ఉన్నాడు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఆయన వెంట పోయేవాణ్ణి. పటేల్ ఇంటి అరుగు పక్కన గోడకు ఒక గూడు. ఆ గూట్లో మూడు గాజు గ్లాసులు. అవి సాయబులవి. చాయ్ వేళకు లోపల్నుంచి "ఏరా సాయబూ, గ్లాసు తీస్కో" అని కేక వచ్చేది. తాత గ్లాసు తీసి పట్టుకుంటే పటేలమ్మ పైనుంచి చాయ్ పోసేది. తాగి, కడిగి, మళ్లీ గూట్లో బోర్లించాలి. పటేల్ కొడుకు, నేను ఒకటే బడి, ఒకటే బెంచీ. వాడు లోపల స్టీలు గ్లాసులో పాలు తాగేవాడు. మాదిగవాడకు ఆ గూడు కూడా లేదు. వాళ్లు వాకిట్లో దోసిలి పట్టేవాళ్లు. దోసిలి కాకుండా గ్లాసు దొరికినందుకు మా తాత దాన్ని మర్యాద అనుకున్నాడు.

గ్లాసు బోర్లించేటప్పుడు దాని అడుగున నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపించేవి. అప్పటికి నాకు ఇంగ్లీషు రాదు. వేలితో తడిమి చూసేవాణ్ణి.

పీర్ల పండక్కి మాత్రం కథ తిరగబడేది. పీర్లు లేచిన నాడు మా నానీమా బెల్లం షర్బత్ కలిపి మా ఇంటి గ్లాసుల్లోనే ఊరందరికీ పోసేది. పటేల్ ఇంటివాళ్లూ వచ్చి తాగేవాళ్లు. ఎవరూ వేరే గ్లాసు అడగలేదు. మూడో రోజుకు మళ్లీ గూడు గూడే, అరుగు అరుగే.

1979లో అబ్బా పటాన్‌చెరు వచ్చి ఒక ఫ్యాక్టరీలో హెల్పర్‌గా చేరాడు. షిఫ్టు దిగాక గేటు ముందు చాయ్ బండి దగ్గర నిలబడేవాళ్లు. తీగ స్టాండులో ఆరు గ్లాసులు వచ్చేవి. తాగినవన్నీ ఒకటే బకెట్టు నీళ్లలో ముంచి తీసేవాళ్లు. ఏ గ్లాసుతో ఎవరు తాగారో దేవుడికి కూడా తెల్వదు. "ఇధర్ గిలాస్ కిస్‌కా బీ నై" అనేవాడు అబ్బా. ఇక్కడ గ్లాసు ఎవరిదీ కాదు. ఊరు విడిచి ఆయన సంపాదించింది అదొక్కటే అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. నక్కవాగు నీళ్లు పాడైపోవడం, ఆ మందుల వాసనలో ఊపిరి పీల్చడం, చివరికి ఫ్యాక్టరీ మూతపడటం, అన్నీ ఆ గ్లాసు వెనకే వచ్చాయి.

గ్లాసుల్ని గుర్తుపట్టడం నేను కబాడీ దుకాణాల్లోనే నేర్చుకున్నాను. పగిలిన గాజును ఏరి బస్తాల్లో నింపుతారు. అది మళ్లీ కొలిమికే పోతుంది. పాత గాజు ముక్కలు కలిపితే ఇసుక, సోడా, సున్నపురాయి తక్కువ వేడికే కరుగుతాయి. పగలనివాటిని నేను పక్కకు తీసేవాణ్ణి.

కరిగిన గాజు ముద్దను ఇనుప అచ్చులో వేసి పైనుంచి దిమ్మెతో ఒత్తితే తయారయ్యేది అచ్చు గ్లాసు. ఊది చేసేది కాదు. 1820ల్లో అమెరికాలో ఈ పద్ధతి పుంజుకుంది. అప్పటిదాకా దొరల బల్లల మీదే ఉన్న నగిషీ గాజు మామూలు ఇళ్లకు చేరింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ నుంచి తెచ్చిన కట్ గ్లాస్ చూడండి. సానరాయి మీద కోసిన గాజు కాబట్టి పువ్వు అంచు వేలికి కరుగ్గా తగులుతుంది. అచ్చు గ్లాసులో అదే పువ్వు మొద్దుగా, నున్నగా ఉంటుంది. పక్కన నిలువునా సన్నటి గీత కనిపిస్తుంది. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోటు అది. నగిషీ అంతా బయటే ఉంటుంది. దిమ్మె తగిలిన లోపలి వైపు నున్నగా ఉంటుంది. పువ్వు మసకబారి ఉంటే అరిగిపోయిన అచ్చులోంచి వచ్చిందని లెక్క. సీసం కలిపిన ఖరీదు గాజును గోటితో కొడితే ఖంగుమని చాలాసేపు మోగుతుంది. మనది టక్కుమని ఊరుకుంటుంది.

తర్వాత అడుగు చూడాలి. ఇంగ్లండ్ సామాను మీద వజ్రం ఆకారంలో రిజిస్ట్రీ ముద్ర ఉంటే అది 1842, 1883 మధ్యది. 1884 నుంచి ముద్ర పోయి నంబరు వచ్చింది. ఆకుపచ్చ గిన్నె ఒకటి దొరికితే దొంగనోట్లు చూసే లైటు కింద పెట్టాను. పచ్చగా వెలిగింది. గాజులో యురేనియం కలిపారన్నమాట. జుమ్మేరాత్ బజార్‌లో ఒక గ్లాసు దొరికింది. నక్కవాగు మీద తేలే నూనె తెట్టులా రంగులు మారుతుంది. వేడి గాజు మీద లోహపు లవణాలు చల్లితే అట్లా వస్తుంది. ఫిరోజాబాద్‌లోని జైన్ గ్లాస్ వర్క్స్‌ది. ఆ ఊళ్లో తరతరాలుగా కొలిమి ముందు నిలబడ్డవాళ్లలో మావాళ్లు చాలామంది. గ్లాసు మీద యజమాని పేరే ఉంటుంది.

దుబాయ్, సౌదీ పోయినవాళ్లు తెచ్చిన తేనెరంగు ప్లేట్లు, డ్యూరాలెక్స్ గ్లాసులు కూడా ఉన్నాయి. డ్యూరాలెక్స్ అడుగున చిన్న నంబరు ఉంటుంది. ఎవరి నంబరు పెద్దదో అని పిల్లలం పోటీ పడేవాళ్లం. ఫ్రాన్స్ పిల్లలూ ఇదే ఆట ఆడతారట. అది అచ్చు నంబరు, అంతే. 2024లో ఆ ఫ్యాక్టరీ దివాలా తీస్తే కార్మికులే సహకార సంఘం పెట్టి నడుపుకోవడానికి తీసుకున్నారు. అబ్బా ఉంటే ఈ ముచ్చట చెప్పేవాణ్ణి.

కొన్నేళ్ల కింద ఒక కబాడీ దుకాణంలో బస్తా అడుగున ఒక గ్లాసు దొరికింది. సగం దాకా నిలువు గాడులు, పైన నున్నటి అంచు. తిప్పి చూశాను. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. యేరా. వడోదరలో అలెంబిక్ కంపెనీ తీసిన గ్లాసులు ఇవి. ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ, ప్రతి హోటల్లోనూ ఉండేవి. అడుగు తడిమితే వేలికి గుర్తొచ్చింది. గూట్లో గ్లాసు ఇదే. చిన్నప్పుడు నేను చదవలేకపోయిన మాటతోనే పటేల్ మా తాతను పిలిచేవాడు. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

పటేల్ కొడుకు ఇప్పుడు రామచంద్రాపురంలో ఉంటాడు. నాకు మంచి దోస్తు. ఈద్‌కు మా ఇంటికి వచ్చి మా ప్లేట్లోనే తింటాడు. ఫోన్ చేసి గ్లాసు సంగతి చెప్పాను. కాసేపు ఊరుకొని "అప్పట్ల గట్లనే ఉండె గదరా. నీకు తెల్వదా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. చాలా రోజులు వాడితో మాట్లాడలేదు.

ఆ మధ్య ఇల్లు మారుతూ అమ్మీ పాత సందూక్ తెరిచాను. గుడ్డలో చుట్టి మా పెళ్లినాటి షర్బత్ సెట్టు ఉంది. దాని పక్కన, గుడ్డ లేకుండా, మూతి చిట్లిన ఒక చాయ్ గ్లాసు. చూడగానే గుర్తుపట్టాను. ఈసారి అడుగు తిప్పి చూడాల్సిన పని పడలేదు. పటాన్‌చెరులో మేము అద్దెకున్న ఇంటి వెనక, నల్లా పక్కన, కిటికీ మీద ఉండేది అది. మా పాయఖానా కడగడానికి వచ్చే ఆమె కోసం. అమ్మీ చాయ్ పెట్టి ఇచ్చేది, నేను పైనుంచి పోసేవాణ్ణి. తాగి, కడిగి, ఆమే కిటికీ మీద బోర్లించేది. ఫ్యాక్టరీ గేటు ముందు "గిలాస్ కిస్‌కా బీ నై" అన్న మా అబ్బా ఆ కిటికీ పక్కనుంచే రోజూ ఇంట్లోకి వచ్చేవాడు. ఆమె పేరు నేనెప్పుడూ అడగలేదు.

"అమ్మీ, ఇది ఎవరిది?" అన్నాను.

అమ్మీ గ్లాసు చూసింది, నా వైపు చూసింది. "వో జమానా హీ అయిసా థా బేటా" అంది.

ఆ రాత్రే పటేల్ కొడుక్కి ఫోన్ చేశాను.

ఇప్పుడు ఆ రెండు గ్లాసులూ బీరువా నడిమి అరలో పక్కపక్కన ఉన్నాయి. వచ్చినవాళ్లు అన్నిటికన్నా విలువైనవి ఏవని అడిగితే వాటినే చూపిస్తాను. యేరా గ్లాసు కథ నేను చాలామందికి చెప్పాను, సభల్లో కూడా చెప్పాను. మూతి చిట్లిన గ్లాసు కథ ఇదే మొదటిసారి చెప్పడం.