నాలుగు సిగరెట్ల దూరం

మెట్టుగూడ నుంచి ఉస్మానియా ఆర్ట్సు కాలేజీకి ఎంత దూరమని ఎవరినైనా అడగండి. మూడు కిలోమీటర్ల పైచిలుకు అంటారు. మా బావగారు మాత్రం "నాలుగు సిగరెట్లు" అంటారు. గూడ్సు గార్డుగా చేసి రిటైరయిన మనిషి. దూరాన్నీ కాలాన్నీ ఆ కొలబద్దతోనే కొలిచేవారు. రెండు నెలల కిందట గుండె రక్తనాళంలో స్టెంటు వేసిన డాక్టరు ఆ కొలబద్ద కాస్తా పారెయ్యమన్నారు. తరవాత రోజూ నడవమని కూడా చెప్పారు.

"ఒరే తమ్ముడూ, నడక మంచిదే గాని దారంతా పాన్ డబ్బాలే. నువ్వు పక్కన ఉండరా" అంది అక్కయ్య. నేను మానేసి ఆరేళ్ళయింది గదా, కాపలా ఉద్యోగానికి ఆ అర్హత చాలనుకుంది కాబోలు.

మెట్టుగూడ అంటే రైల్వే వాళ్ళ పేట. లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. రైల్వే క్వార్టర్లు, రైల్వే ఆస్పత్రి, ఎక్కడో షంటింగు చేస్తున్న ఇంజను కూత, వీటికి తోడు 2017 నవంబరు నుంచి నెత్తిమీద మెట్రో రైలు. ఆ మెట్రో స్తంభాల నీడలోనే మా మొదటి గండం. పొద్దున్నే డబ్బావాడు అగరొత్తి వెలిగించి బావగారిని చూసి నవ్వుతాడు. బాకీ లేని ఖాతాదారు మరి! బావగారి చెయ్యి దానంతట అదే చొక్కా జేబులోకి వెళుతుంది. జేబులో ఉన్నది సోంపు పొట్లం.

పీల్చిన పొగలోని నికోటిను సుమారు పది సెకన్లలో మెదడుకు చేరుతుంది. ఇంత తొందరగా బహుమానం ముట్టజెప్పే వస్తువును మెదడు ఊరికే మరిచిపోతుందా? దానితోపాటు చోటునూ, వేళనూ, పక్కనున్న మనిషినీ కూడా గుర్తు పెట్టుకుంటుంది. మానేసిన మొదటి రెండు మూడు రోజులే ఒళ్ళు పడే బాధకు పరాకాష్ఠ. ఆ తరవాత మూడు నాలుగు వారాల్లో అది చాలావరకు సద్దుమణుగుతుంది. చోట్లు పెట్టే బాధ మాత్రం అంతకంటె మొండిది. డబ్బా ఎదట పట్టుకున్న ఆరాటం వంద అడుగులు దాటేసరికి ఎటుపోయిందో తెలియదు. సాధారణంగా దాని ఆయువు కొద్ది నిమిషాలే.

ఈ సంగతి నేను పాఠంలా చెబితే బావగారు చెవిని పెట్టలేదు. నాలుగో రోజున తనంతట తనే కనిపెట్టారు. "ఏమోయ్, ఇది గూడ్సు బండిలాంటిదోయ్. గేటు దగ్గర నిలబడ్డవాడికి ఎప్పటికీ తెమలదనిపిస్తుంది. కాని చివర గార్డు పెట్టె వచ్చి తీరుతుంది" అన్నారు. అప్పటినుంచి జిల పుట్టినప్పుడల్లా పెదవులు కదుపుతూ పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. యాభై దాకా వెళ్ళిన రోజులున్నాయి.

తార్నాకది వేరే తంటా. అక్కడ ఇరానీ చాయ్. డబ్బాను తప్పించుకోవచ్చు గాని చాయ్ వాసనను ఎలా తప్పించుకుంటాం? చాయ్, సిగరెట్టు హైదరాబాదులో కవలపిల్లలు. అసలు చార్మినారు బొమ్మ సిగరెట్టు పెట్టెకెక్కిన ఊరు మాది! డాక్టరు బావగారికి రెండు మిల్లీగ్రాముల నికోటిను గమ్ము రాసిచ్చారు. దాన్ని వక్కపలుకులా కరకర నమిలి "ఏమీ లేదోయ్, వట్టి ఎక్కిళ్ళు" అని విసుక్కునేవారు. దాని పద్ధతి వేరు. నాలుగైదుసార్లు నమిలి, మిరియం ఘాటు తగలగానే బుగ్గన పెట్టి ఊరుకోవాలి. ఘాటు తగ్గితే మళ్ళీ నమలాలి. అరగంట అలా సాగాలి. చాయ్‌గాని కాఫీగాని తాగిన పావుగంట దాకా దాన్ని నోట్లో వేసుకోకూడదు, మందు సరిగా ఒంటబట్టదు. ఇది తెలిశాక తార్నాకలో చాయ్ మాని మజ్జిగ పుచ్చుకోవడం మొదలైంది. మొదటి రోజు ఆ గ్లాసుకేసి ఆయన చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

తార్నాకలో కుడివైపు తిరిగితే యూనివర్సిటీ. విద్యాసంస్థలకు వంద గజాల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతోంది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో తాగడం మీద నిషేధం కూడా గట్టిపడింది. అయినా చెట్ల కింద గుంపులో ఏ కుర్రవాడి వేళ్ళ మధ్యనుంచో పొగ లేస్తూనే ఉంటుంది. బావగారు ఆ గాలికి ఎదురు నిలబడి ఓ దీర్ఘశ్వాస తీసుకోబోతే చెయ్యి పట్టుకు లాక్కెళ్ళాను. కన్యాశుల్కం పాఠం చెప్పేటప్పుడు గిరీశం వెంకటేశానికి చుట్ట కాల్చడం నేర్పే ఘట్టం రాగానే తరగతంతా గొల్లుమంటుంది. నేర్పే గిరీశాలకు కొదవలేదు, మాన్పించే గిరీశం ఎక్కడ దొరుకుతాడు? సిగరెట్టు పెట్టెమీదే ఇప్పుడు 1800-11-2356 అని ఉచిత టెలిఫోను నంబరు అచ్చేస్తున్నారు. అక్కయ్య దాన్ని కాలెండరు మీద రాసి పెట్టింది.

చివరిది ఆర్ట్సు కాలేజీ. గులాబిరంగు గ్రానైటు మేడ, 1939లో తెరిచారు. తెలుగు ఎం.ఏ. చదివిన రోజుల్లో ఆ మెట్ల మీద కూచున్నంతసేపు నేనింకెక్కడా కూచోలేదు. మిగతా చోట్ల ఆరాటం కష్టంలోంచి పుడితే ఇక్కడ సుఖంలోంచి పుడుతుంది. నడక పూర్తయింది, చల్లగాలి వేస్తోంది, ఎదురుగా తోట ఉంది, ఇంకేం కావాలి? ఆ 'ఇంకేం' దగ్గరే వస్తుంది ప్రమాదం. నాలుగింటిలోనూ నాకు భయం వేసేది దీనికే.

ఇరవైమూడో రోజు రాత్రి బావగారు భోజనాల దగ్గర "రేపు నువ్వు రావద్దోయ్, నేనొక్కణ్ణే వెళతాను" అన్నారు. అక్కయ్య నా మొహంలోకి చూసింది. నేను మజ్జిగన్నం కలుపుకుంటూ సరేనన్నాను. మర్నాడు ఆరింటికి ఆయన బయలుదేరారు. ఏడు, ఏడుంబావు, ఏడున్నర. అక్కయ్య వాకిట్లోకీ లోపలికీ తిరుగుతోంది. ఏడూ ముప్పావుకి ఫోను మోగింది.

"మెట్ల మీద ఉన్నానోయ్. ఆర్ట్సు కాలేజీ స్టేషన్లో ఎమ్మెమ్టీఎస్ ఎక్కి వచ్చేస్తా, సికిందరాబాదుకు బండెన్నింటికో చూసి చెప్పు. తార్నాక వైపు మాత్రం ఇవాళ ఇంకోసారి రాలేను."

టైము చూసి చెప్పాను.