నాన్న జీపూ - నా కాయిల్ స్ప్రింగుల సరదా

మా ఊరు ఆత్మకూర్ (ఎస్). బ్రాకెట్లో ఎస్ అంటే సూర్యాపేట. మా ఇంట్లో ఓ పాత మహీంద్రా ఎమ్మెమ్ 540 జీపుంది. నాకంటే రెండేళ్ళు పెద్దది. నాన్న పొలానికెళ్ళాలన్నా, బస్తాలు తేవాలన్నా అదే. ఈ మధ్య ఆయనకి నడుం నొప్పి. డాక్టరు జీపు తగ్గించమన్నాడు. నాన్న డాక్టర్ దగ్గరికెళ్ళడం తగ్గించాడు :)

సరే, కొడుకు ఇంజనీరు కదా! నెల రోజులు రాత్రిళ్ళు కూర్చుని చదివి, నాలుగు చక్రాలకీ కమాన్ పట్టీలు పీకేసి కాయిల్ స్ప్రింగులు పెట్టించాలని తేల్చేశా. రేంజ్ రోవర్‌కి 1970లోనే కాయిల్స్. మన థార్ కూడా 2020 మోడల్‌తో వెనక పట్టీలు వదిలేసింది. మనకేం తక్కువ?

తిరకాసంతా ఇక్కడే. పట్టీ ఒక్కటే రెండు ఉద్యోగాలు చేస్తుంది. బరువు మోస్తుంది, యాక్సిల్‌ని దాని చోట పట్టుకుంటుంది కూడా. కాయిల్ బరువు మోస్తుంది, అంతే. యాక్సిల్ ముందుకీ వెనక్కీ కదలకుండా లింకులు కావాలి. పక్కకి జరక్కుండా పాన్‌హార్డ్ రాడ్డు కావాలి. వీటన్నిటికీ చాసిస్ మీద బ్రాకెట్లు వెల్డింగ్ చెయ్యాలి. ఆ రాడ్డు కోణం స్టీరింగ్ రాడ్డుతో కుదరకపోతే గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే లాగుతుంది. ఒక్క మాడ్యూల్ మారుద్దామని మొదలెట్టి మొత్తం తిరగరాయడమన్నమాట.

పైగా చట్టం. తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఐదేళ్ళకోసారి ఆర్సీ రెన్యువల్‌కి బండిని చూపించాల్సింది మళ్ళీ నాన్నే.

అయినా నా ఉత్సాహం తగ్గలేదు. ప్రింటౌట్లతో సూర్యాపేటలో నాన్నకి తెలిసిన మెకానిక్ దగ్గరికెళ్ళా. ఆయన ఓపిగ్గా అన్నీ చూసి ఒకటే అడిగాడు.

"మంచిగనే ఉన్నది తమ్మీ. పట్టీ ఇరిగితె ఈడ ఎవడైనా ఏస్తడు. నువ్వు హైదరాబాద్ల ఉంటవ్. ఈ రాడ్డు ఇరిగితె మీ నాన్న ఎవలకు ఫోన్ చెయ్యాలె?"

నా దగ్గర సమాధానం లేదు. ఆఫీసులో నేనే కదా ఎన్నోసార్లు తిట్టుకున్నాను, సపోర్టు ఎవరిస్తారో ఆలోచించకుండా కోడ్ రాసి వెళ్ళిపోయిన వాళ్ళని!

ఆయన పట్టీలు విప్పితే అసలు సంగతి బయటపడింది. మధ్యలో తుప్పు. పట్టీలు ఒకదానిమీదొకటి జారితేనే కదా కుదుపు తగ్గేది! తుప్పుకి అన్నీ అతుక్కుని ఒకే ఇనప దిమ్మలా తయారయ్యాయి. వెనక ఒక పట్టీ విరిగే ఉంది. అది మార్చి, మిగతావి గీకి గ్రీజు పెట్టి, కొత్త బుష్‌లు, షాకబ్జర్లు వేశాడు. టైర్లలో గాలి కూడా తగ్గించాడు, ఎక్కువుందట. ఖర్చు నా లెక్కలో పదో వంతు కూడా కాలేదు.

కాయిల్స్ అంత మెత్తగా ఉందా అంటే, లేదు. ఖాళీ బండి ఇప్పటికీ ఎగురుతుంది. నాన్న నడుం నొప్పీ పూర్తిగా పోలేదు. కానీ ఇంటికొస్తూ దారిలో ఆయన ఒక్కసారి కూడా నడుం పట్టుకోలేదు. నేను మాత్రం చూస్తూనే ఉన్నా.

ఒక్కటి ఒప్పుకోవాలి. నెల రోజులు సస్పెన్షన్ గురించి చదివిన నేను, ఆ జీపు కిందకి ఒక్కసారి కూడా వంగి చూళ్ళేదు. నాన్న నొప్పి ఎక్కడని కూడా సరిగ్గా అడగలేదు. వచ్చే నెల జీపు సంగతి పక్కన పెట్టి, ఆయన్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. అదే జీపులో, నేను నడుపుతూ.