ముందు అడగాల్సింది ‘ఎప్పుడు’ అని

బండి పరుగు మీద ఉన్నప్పుడు ఇంజిన్ గురించి ఎవరం పెద్దగా ఆలోచించం. న్యూట్రల్‌లో వేసి, కాలు తీసి, ఊరికే నిలబెట్టినప్పుడే దాని ఆరోగ్యం బయటపడుతుంది. వేడెక్కిన పెట్రోలు ఇంజిన్ మామూలుగా నిమిషానికి 700 నుంచి 900 చుట్ల మధ్య ఒక్క తీరుగా తిరగాలి. అలా కాకుండా వణికినా, ఎవరో యాక్సిలేటర్ తొక్కి వదులుతున్నట్టు పైకీ కిందికీ ఊగినా లోపల ఏదో లెక్క తప్పినట్టే. ఆ తప్పును వెతికే పద్ధతిని నేను ఆళ్లగడ్డలో ఒక మెకానిక్ దగ్గర నేర్చుకున్నాను. దాని వాడకం కారు దగ్గరే ఆగిపోలేదు కాబట్టి రాస్తున్నాను.

మాది దొర్నిపాడు. చుట్టూ నల్లరేగడి చేలు. ఈ వైపు పల్లెల్లో కారు షోకు కోసం కొనే వస్తువు కాదు. అర్ధరాత్రి కాన్పు నొప్పులు వస్తే నంద్యాలకు తీసుకుపోయేది అదే. అలాంటి బండి మలుపు దగ్గర కాలు తీయగానే ఆగిపోతే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. అందుకే మా కారులో చుట్లు చూపే ముల్లు 1000కీ 1500కీ మధ్య ఊగడం మొదలుపెట్టినప్పుడు ఆలస్యం చేయలేదు. మొదట చూపించిన చోట ఇంజిన్‌ను అదుపు చేసే కంప్యూటర్ పోయింది, మార్చాలన్నారు. ఆ ధర విన్నాక ఇంకొకరి మాట కూడా విందామని ఆళ్లగడ్డకు తీసుకెళ్లాను.

ఆ మెకానిక్ బానెట్ ఎత్తలేదు. “అన్నా, పొద్దున స్టార్ట్ చేస్తానే ఊగుతాదా, వేడెక్కినాక ఊగుతాదా?” అన్నాడు. వేడెక్కాకే అన్నాను. “ఏసీ వేస్తే ఎక్కువైతాదా, తగ్గుతాదా?” తగ్గుతుంది, దాదాపు సర్దుకుంటుంది అన్నాను. “అట్లయితే కంప్యూటర్ బాగనే ఉంది. యాడనో గాలి తీసుకుంటాంది,” అన్నాడు.

రెండు ప్రశ్నలతో అంత నమ్మకంగా ఎలా చెప్పాడో ఆయనే విప్పి చెప్పాడు. ఇంజిన్‌లోకి పోయే గాలికి ఒకటే దారి ఉండాలి, థ్రాటిల్ అనే తలుపున్న దారి. కాలు తీస్తే ఆ తలుపు దాదాపు మూసుకుంటుంది, ఐడిలింగ్‌కు, అంటే ఊరికే నిలబడి తిరగడానికి, కావలసిన కొద్ది గాలినే కంప్యూటర్ వదులుతుంది. ఎక్కడో గొట్టం పగిలితే దొడ్డిదారిన ఇంకొంత గాలి వస్తుంది. పొద్దున చల్లని ఇంజిన్‌కు ఎటూ ఎక్కువ చుట్లు కావాలి కాబట్టి ఆ అదనపు గాలి తెలియకుండా సరిపోతుంది. వేడెక్కాక అంత గాలి అక్కర్లేదు. కంప్యూటర్ తలుపును ఎంత మూసినా చుట్లు దిగవు. కాలు యాక్సిలేటర్ మీద లేదు, చుట్లు మాత్రం ఎక్కువున్నాయి, అంటే బండి దిగుడులో ఉందేమో అనుకుని అది పెట్రోలు కోసేస్తుంది. చుట్లు పడిపోతాయి. ఆగిపోతుందేమోనని మళ్లీ పెట్రోలు ఇస్తుంది, చుట్లు లేస్తాయి. మళ్లీ కోత. ఈ ఊగులాటంతా కంప్యూటర్ తన పని తాను సరిగ్గా చేయడం వల్ల వచ్చేదే. ఏసీ వేస్తే కంప్రెసర్ బరువు పడుతుంది, దొంగగాలి ఆ బరువు లాగడానికి ఖర్చవుతుంది, ముల్లు నిలబడుతుంది.

అదే థ్రాటిల్‌కు మసి పట్టినా, ప్లగ్గో కాయిలో బలహీనపడి ఒక సిలిండర్ మిస్సింగ్ కొడుతున్నా కథ తిరగబడుతుంది. ఏసీ వేయగానే వణుకు పెరుగుతుంది, ఒక్కోసారి బండి ఆగిపోతుంది.

తర్వాత ఆయన సబ్బునీళ్లు పిచికారీ చేస్తూ ఒక్కో గొట్టాన్నీ చూశాడు. కొందరు పెట్రోలు, క్లీనర్ చల్లి చూస్తారు, వేడి ఇంజిన్ మీద అది నిప్పుతో చెలగాటం. ఇంజిన్ లోపలి ఆవిరిని మానిఫోల్డ్‌కు చేర్చే రబ్బరు గొట్టం వంపు దగ్గర, అడుగు వైపు నీళ్లు పడగానే ముల్లు తడబడింది. గొట్టం విప్పి వేళ్లతో వంచాడు. పైనుంచి చూస్తే నల్లగా బాగానే ఉంది, వంచితే అడుగున గోరంత పగులు నోరు తెరిచింది. ఇక్కడి ఎండలకు రబ్బరు గట్టిపడి అలా చీలుతుంది. గింజలున్న ఇళ్ల ముందు నిలబెట్టే బండ్లకు ఎలుకల పన్ను కూడా ఉంటుంది. మా చిక్కంతా ఆ గొట్టం మార్చడంతో తీరింది.

ఈ ఊగులాట కార్లతో పుట్టింది కాదు. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి వేగం అదుపు చేసే గుండ్ల గవర్నర్ బిగించాడు. అలాంటి గవర్నర్లున్న యంత్రాల్లో కొన్ని స్థిరపడకుండా ఎగుడుదిగుడుగా తిరిగేవి. అదుపు చేసే పరికరమే ఊగులాటకు ఎలా కారణమవుతుందో 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ గణితంతో వివరించాడు. పరికరం చెడకపోయినా, దాని దిద్దుబాటుకూ యంత్రం స్పందనకూ పొంతన కుదరకపోతే ఊగు వస్తుంది.

కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివే స్కానర్ పెట్టినా ఇదే వివేకం కావాలి. పి0171 అని చూపిస్తే మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని అర్థం. ఆ సంగతి మోసుకొచ్చింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి చాలామంది ముందు దాన్నే మారుస్తారు. కబురు తెచ్చినవాడిని మార్చితే కబురు మారదు. పి0300 అంటే అక్కడక్కడ మిస్సింగ్, పి0507 అంటే ఐడిలింగ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువ. ఇవన్నీ లక్షణాలు. ఏ సామాను పోయిందో కోడ్ తేల్చి చెప్పదు.

శనగ కోతల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే దాని మీదా నేరం మోపుతారు. ఇంజెక్షన్ బండిలో ఫిల్టర్ మూసుకుంటే ముందు తగ్గేది పికప్, ఐడిలింగ్‌కు కావలసిన కొద్ది గాలి దాని గుండా ఎలాగోలా వస్తుంది. థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాక కొన్ని బండ్లు మరీ రేస్ అవుతాయి. మసి ఉన్న రోజుల్లో తలుపును కాస్త ఎక్కువ తెరవడం కంప్యూటర్ నేర్చుకుని ఉంటుంది, దానికి కొత్త కొలత నేర్పితే సర్దుకుంటుంది. అది తెలియనివాళ్లు బాగైన బండిని మళ్లీ విప్పుతారు.

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు పేరున్న ఊరు. శిల్పి ఉలి పెట్టకముందు రాయిని సుత్తితో తట్టి వింటాడు, లోపల బీట ఉంటే మోత మారుతుంది. ఆ మెకానిక్ అడిగిన ప్రశ్నలు కూడా అలాంటి తట్టడమే. చెయ్యి పెట్టడానికి ముందు వినడానికి ఓపిక కావాలి, ఏం వినాలో తెలియాలి.

అప్పటినుంచి ‘ఏం పోయింది’ అని అడగబోయేముందు ‘ఎప్పుడు’ అని అడగడం అలవాటు చేసుకున్నాను. బోరు మోటరు స్టార్టర్ ఊరికే ట్రిప్ అవుతుంటే స్టార్టర్ కొనేముందు, చుట్టుపక్కల మోటర్లన్నీ తిరిగే వేళలోనే ట్రిప్ అవుతోందా అని చూస్తాను. అవునంటే వోల్టేజీని అనుమానించాలి. పిల్లవాడు బడికి పోనని మొండికేస్తే ఏ రోజుల్లో పోనంటున్నాడో గమనిస్తే, ఏ పాఠం దగ్గర భయపడుతున్నాడో తెలుస్తుంది. పైకి కనిపించే అలజడిని అణచడానికి తొందరపడితే, దేని కోసం ఆ అలజడో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

మీ కారు ఊగుతుంటే మెకానిక్ దగ్గరకు పోయేముందు ఒక కాగితం మీద రాసుకోండి: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఏసీ వేస్తే పెరుగుతోందా, తగ్గుతోందా, బ్రేకు తొక్కితే తేడా వస్తోందా, ఏ రిపేరు తర్వాత మొదలైంది. బ్రేకు తొక్కగానే ఐడిలింగ్ మారుతుంటే బ్రేకు బూస్టర్‌లోనే గాలి లీకు ఉండొచ్చు, అప్పుడు బండిని అసలు నడపకుండా చూపించాలి. ఆ కాగితం చదవకుండా సామాన్ల పేర్లు చెప్పే మెకానిక్ ఎదురైతే, బండి తాళాలు తీసుకుని ఇంకో షెడ్డుకు పోండి.