నానోట్యూబుల పొర, మన నీళ్లు



"మీరు ల్యాబ్‌లో చేసేది మన గూడేలకు ఏం పనికొస్తది?" అని గ్రూపులో తమ్ముళ్లు చాలాసార్లు అడిగారు. కార్బన్ నానోట్యూబులతో నీళ్లలో ఫ్లోరైడ్ మొత్తం పోతుందంటూ తిరిగే వీడియోలు కూడా పంపారు. మేము ఇద్దరం పాలిమర్ పొరల మీదే పని చేస్తున్నాం కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

మేము చదివి మొదలుపెట్టింది 2004లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయం నుంచి బ్రూస్ హిండ్స్ బృందం 'సైన్స్' పత్రికలో ప్రచురించిన పద్ధతి. క్వార్ట్జ్ పలక మీదికి బాగా వేడిలో ఫెర్రోసీన్, జైలీన్ ఆవిరి పంపితే నానోట్యూబులు వెదురు పొదలా నిటారుగా పెరుగుతాయి. గొట్టం లోపలి బోలు దాదాపు 7 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో సుమారు పదివేలో వంతు. పొద సందుల్లోకి టోలుయీన్‌లో కరిగించిన పాలీస్టైరీన్ పోసి, పలకను గిర్రున తిప్పుతారు. పేరు చూసి భయపడకండి, థర్మోకోల్ కూడా పాలీస్టైరీనే. ఆరాక 5 మైక్రాన్ల మందం పొర వస్తుంది.

అసలు తిప్పలు గొట్టాల మూతులు తెరవడంలో ఉంది. కొండ ఊట నుంచి వెదురు బొంగులో నీళ్లు తేవాలంటే లోపలి కణుపులన్నీ పొడవాలి కదా, ఒక్కటి మిగిలినా చుక్క రాదు. ఇక్కడా అంతే. లోపల అడ్డుగోడలున్న నానోట్యూబులను శాస్త్రవేత్తలు కూడా 'వెదురు రకం' అనే అంటారు. అది చదివి మేము భలే నవ్వుకున్నాం. నీటి ఆవిరి ప్లాస్మాతో పైపొర పాలిమర్‌ను తొలిచి మూతులు తెరుస్తారు. తెరుచుకున్నాయో లేదో కంటికి కనబడదు, నైట్రోజన్ వాయువును దాటించి కొలవాల్సిందే.

పొరను పలక నుంచి ఊడదీసేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. ల్యాబ్‌లలో చేరబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. పలచనిది చర్మం మీద పడితే కొన్ని గంటలు నొప్పే తెలియకపోవచ్చు, లోలోపల ఎముక దాకా దిగుతుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఎక్కడుందో అడగకుండా ఆ సీసా ముట్టొద్దు. సార్ ఏమనుకుంటారో అని మనవాళ్లం అడగం. హాస్టల్లో నోరు మూసుకుని కూర్చోవడం అలవాటైపోయింది మరి. ఈ ఒక్క విషయంలో ఆ మొహమాటం ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక ఫ్లోరైడ్. 2005లో అదే బృందం 'నేచర్'లో, ఈ గొట్టాల్లో నీళ్లు మామూలు లెక్కకన్నా 10 వేల నుంచి లక్ష రెట్లు వేగంగా పారుతున్నాయని రాసింది. గోడలు అంత నునుపు. తర్వాత వేరేవాళ్లు చేసిన కొలతలు ఈ అంకెతో అన్నీ కలవలేదు. వీడియోలు ఆ వేగం చెప్పి ఊరుకుంటాయి. నీళ్లు చుట్టుకున్న ఫ్లోరైడ్ అయాను వెడల్పు ఒక నానోమీటరు కూడా ఉండదు. 7 నానోమీటర్ల బోలులోంచి అది దర్జాగా నడిచిపోతుంది. నల్గొండ నీళ్లను ఆ పొర ఉన్నదున్నట్టుగా బాగుచేయలేదు. రోగాలు తెచ్చే బాక్టీరియా ఆగుతుంది నిజమే, కానీ దానికి బజార్లో దొరికే అల్ట్రాఫిల్ట్రేషన్ ఫిల్టరే చాలు, ధర కూడా తక్కువ.

మరి మేమెందుకు ఇందులో ఉన్నామంటే, గొట్టం మూతి దగ్గర అణువులను అతికించి, ఏది దాటాలో ఏది ఆగాలో నిర్ణయించే పని ఇంకా చాలా మిగిలుంది. ఈలోపు నానో ఫిల్టర్ అంటూ ఎవరైనా మీ ఊరికి వస్తే రంధ్రం సైజు ఎంత, ఫ్లోరైడ్ టెస్ట్ రిపోర్ట్ ఎక్కడ అని అడగండి. రిపోర్ట్ ఇస్తే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.