ఓడ వెనుక రాసిన ఊరు

మెకానికల్ ఇంజినీరింగ్ అయ్యాక ఎనిమిది నెలలు క్రూజ్ షిప్ లాండ్రీలో పనిచేశాను. దేశాలు తిరిగావు కదా అంటారు. మేముండేది నీటిమట్టానికి కింద, కిటికీ లేని గదిలో ఇద్దరం. మెక్సికోలోని కొజుమెల్‌లో ఓడ ఆగితే రెండు గంటలు దొరికేవి, అందులో సగం వైఫై వెతికి ఇంటికి ఫోన్ చేయడానికే సరిపోయేది.

ఓడ వెనుక 'నసావు' అని రాసి ఉండేది. కంపెనీ అమెరికాది, జెండా బహామాస్‌ది, పనివాళ్లం ఇండియా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వాళ్లం. ఓడలో నడిచే చట్టం జెండా దేశానిదే. ప్రపంచీకరణ మీద వ్యాసం రాసేటప్పుడల్లా నాకు ఆ పేరే గుర్తొస్తుంది.

ఐఎల్‌ఓ 2006 సముద్ర కార్మిక ఒప్పందాన్ని మనదేశం 2015లో ఆమోదించింది. అందులో ఓ వెసులుబాటు ఉంది మిత్రులారా. వారానికి గరిష్ఠంగా 72 గంటల పని, లేదా కనీసం 77 గంటల విశ్రాంతి. రెండింటిలో ఏదో ఒకటి జెండా దేశం ఎంచుకోవచ్చు. వారానికి 168 గంటలు, అందులోంచి 77 తీసేయండి. 91! ఈ తీసివేత నేను చదివిన ఏ నోట్సులోనూ లేదు.

రెండో కాంట్రాక్టు మెయిల్ వచ్చింది. చేరాల్సిన తేదీ ప్రిలిమ్స్‌కు పది రోజుల ముందు. అప్పు సగం అలాగే ఉంది. నాన్న ఏమీ అనడం లేదు. శుక్రవారంలోపు జవాబివ్వాలి.