కొండ దిగిన కాందిశీకులు

"రోలుగుంటకా? అక్కడ చూడ్డానికేముందమ్మా!" అన్నారు బస్సులో నా పక్కన కూర్చున్న పిన్నిగారు.

చూడ్డానికేమీ లేని వూళ్ళకే నేను యెక్కువగా వెళుతుంటాను. ఆ సంగతి చెబితే బాగుండదని నవ్వి వూరుకున్నాను. భీమునిపట్నం నుంచి నర్సీపట్నం దాకా పోయే యీ రోడ్డుకు బి.ఎన్. రోడ్డని పేరు. చోడవరం దాటి, రావికమతం దాటి, కొత్తకోట వచ్చేసరికి నా నడుము సంగతి నాకు బాగా తెలిసివచ్చింది. ఆ వైపు వాళ్ళు ఆడపిల్లను "గుంట" అని ముద్దుగా పిలుస్తారు. కాని ఆ పూట నాకు యే గుంటను చూసినా ముద్దు రాలేదు.

"నువ్వేం చేస్తుంటావమ్మా?" అన్నారు పిన్నిగారు.

యే పత్రికలోనూ కొలువు లేకుండా, రాసిన వ్యాసానికింత అని పుచ్చుకునేవాళ్ళను ఫ్రీలాన్సర్లంటారు. మా అత్తగారి లెక్కలో యిది వుద్యోగం కింద జమ కాదు. అంచేత, "ఆడవాళ్ళ హక్కుల గురించీ, కాందిశీకుల గురించీ రాస్తుంటానండీ" అన్నాను.

"కాందిశీకులంటే బర్మావాళ్ళా?"

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. వుత్తరాంధ్రలో యింకా యీ మాటకు అర్థం తెలిసినవాళ్ళున్నారు. రంగూన్‌ను "రంగం" అని పిలుచుకుని, ఓడలెక్కి కూలికి వెళ్ళినవాళ్ళు యీ జిల్లాలవాళ్ళే. 1942లో జపానువాళ్ళు రంగూన్ పట్టుకున్నప్పుడు కొండలూ అడవులూ దాటి లక్షలమంది నడిచివచ్చారు. 1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక మళ్ళీ ఓడల్లో వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంప్ అన్న పేరు అందుకే నిలిచింది. అక్కడ ఒక ముసలమ్మగారు తాను వచ్చిన ఓడ తాలూకు కాగితాన్ని రేకుపెట్టెలో, పట్టుచీర మడతలో దాచుకుని నాకు చూపించింది. చీర కంటే కాగితాన్నే జాగ్రత్తగా మడిచింది.

"కాందిశీకులు కావాలంటే మా వూరి వెనకాల కూడా వున్నారు. వాళ్ళు ఓడ దిగలేదు, కొండ దిగారు. అంతే తేడా" అన్నారు పిన్నిగారు.

చట్టం దృష్టిలో యిది సరికాదు. 1951 నాటి జెనీవా ఒడంబడిక ప్రకారం స్వదేశపు సరిహద్దు దాటినవాడే కాందిశీకుడు. ఆ ఒడంబడికమీద మన దేశం సంతకమే చేయలేదనుకోండి. అయినా పిన్నిగారి మాట నన్ను వదలలేదు. మర్నాడు పొద్దున్నే ఆర్ల వైపు ఆటో యెక్కాను. రోడ్డు వున్నంత దూరం ఆటో, లేనిచోటునుంచి కాలినడక. ఆ పై గూడేలనుంచి నిండు గర్భిణులను డోలీలో మోసుకొస్తున్నారన్న వార్తలు పాఠకులు పత్రికల్లో చూసే వుంటారు. వుత్త చేతులతో నడిచిన నాకే మూడుసార్లు కూర్చోవలసి వచ్చింది.

జీడిమామిడి తోటల మధ్య పది పన్నెండు యిళ్ళు. ఒక అరుగుమీద ఒకావిడ జీడిపిక్కలు యేరుతున్నది. నలభై అయిదేళ్ళుంటాయేమో. కొందు తెగ మనిషి. యింట్లో కువి మాట్లాడుకుంటారు, నాతో తెలుగే మాట్లాడింది.

"యెప్పుడొచ్చారమ్మా కొండమీంచి?"

"పెద్దోడు కడుపులో వున్నప్పుడమ్మా. పైన నీల్లూ లేవు, తిండీ లేదు. మాయాయన ముందు నడిచీవోడు, యెనక నాను."

మొగుడు పోయి మూడేళ్ళయింది. వున్నది అటవీ భూమిలో రెండెకరాల జీడితోట. పట్టాకు దరఖాస్తు పెడుతున్నారు, కాని మరిది పేరు మీద. "మరిది మంచోడే. కాని కాయితం రేపు ఆడి కొడుకుదవుద్ది గదా" అని, యేరుతున్న చేతులు ఆపి అడిగింది: "నా పేరు రాయొచ్చేటమ్మా?"

స్త్రీల హక్కుల గురించి యెన్ని వ్యాసాలు రాశానో లెక్కలేదు. ఆవిడకు జవాబు చెప్పలేకపోయాను.

ఆవిడ యెరక్కుండా దాటివచ్చిన సరిహద్దు ఒకటున్నది. దానికి గేటు లేదు, రాయి లేదు. కొండమీద గ్రామాలు అయిదో షెడ్యూలు కింద యేజన్సీ ప్రాంతం. 1959 నాటి నిబంధన, 1970లో సవరించాక, అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడుతుంది. రోలుగుంట ఆ గీతకు యివతల వున్నది. కొండ దిగినవాళ్ళు గిరిజనులుగానే మిగిలారు గాని ఆ రక్షణ పైనే వుండిపోయింది. పోనీ వారసత్వం చూద్దామా అంటే, మన ఆడపిల్లలకు 1985లో రాష్ట్రంలోనూ, 2005లో దేశమంతటా సమాన వాటా యిచ్చింది హిందూ వారసత్వ చట్టమే గదా, అది షెడ్యూల్డు తెగలకు వర్తించదు.

ఫోను అందేది గూడెం మొత్తానికి ఒక్క బండరాయి మీదేనట. యెక్కి, విశాఖలో వకీలుగా వున్న నా స్నేహితురాలిని పిలిచాను. "2006 అటవీ హక్కుల చట్టం, నాలుగో సెక్షను, నాలుగో వుపసెక్షను చూడవే" అని తిట్టినంత పని చేసింది. భార్యాభర్తలుంటే పట్టా యిద్దరి పేరా జాయింటుగా యివ్వాలి. ఒంటరిగా సంసారం నడిపే మనిషికి ఆ ఒక్కరి పేరునే యివ్వాలి. మరిది అక్కరలేదు, కొడుకూ అక్కరలేదు. 2005 డిసెంబరు 13కు ముందునుంచీ భూమి సాగులో వున్నట్టు రుజువుండాలి. దరఖాస్తు గ్రామసభ ముందుకు వెళ్ళాలి. సభకు వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు లేకపోతే కోరం చాలదు.

రాయి దిగి వచ్చి చెప్పాను. ఆవిడ ముఖం వెలిగి, వెంటనే చిన్నబోయింది. "రుజువంటే కాయితమేనా అమ్మా?"

కాగితమే కానక్కరలేదు. దరఖాస్తుదారు కాని పెద్దల వాఙ్మూలం రాసిపెడితే అదీ సాక్ష్యం కిందికి వస్తుందని ఆ చట్టం నిబంధనల్లోనే వున్నది. ఆ మాట చెప్పగానే అరుగు చివర యింతసేపూ కునికిపాట్లు పడుతున్న ముసలమ్మ లేచి కూర్చున్నది. పెద్దకొడుక్కి బొడ్డు కోసింది ఆవిడేనట.

మరిదిని కూడా పిలిపించాం. విని, కాసేపు నేలచూపులు చూసి, "అలాగైతే వదిన పేరే రాయండి. ఆ మొక్కలకు నీళ్ళు మోసింది కూడా వదినే" అన్నాడు. కొంచెం కష్టంగానే అన్నాడనుకోండి. రెండెకరాలంటే మాటలా!

నేను సంచీలోంచి కాగితాలు తీశాను. "వీళ్ళొచ్చి యెన్నేళ్ళయింది మామ్మా?" అన్నాను. ముసలమ్మకు సంవత్సరాల లెక్క రాదు. కర్ర పట్టుకుని లేచి, నన్ను రమ్మని తోటలోకి నడిచింది. ఒక పెద్ద జీడిమామిడి దగ్గర ఆగి, చెట్టును రెండు చేతులా కౌగిలించుకుని చూపించింది. చేతులు అందలేదు. "ఆడు పుట్టినప్పుడు నాటారు. రాసుకో" అన్నది.

చెట్టు చుట్టుకొలత కూడా రాసుకున్నాను. అన్నీ రాసి, చదివి వినిపించి, వేలిముద్రలు వేయించేసరికి రోలుగుంట చివరి బస్సు వెళ్ళిపోయింది.