తనకల్లు దారిలో తెల్లవారుజాము పరుగులు

కదిరిలో మదనపల్లె బస్సెక్కితే గంట లోపే తనకల్లులో దిగొచ్చు. కదిరి లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి వచ్చేవాళ్ళు, అక్కణ్ణించి తిమ్మమ్మ మర్రిమాను చూసి వెనక్కి మళ్ళేవాళ్ళు సాధారణంగా ఇటువైపు రారు. మండల కేంద్రమే అయినా చిన్న ఊరు. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా కిందికి వచ్చింది.

దారి పొడుగునా ఎర్రనేల, గుండ్రాళ్ళు పేర్చినట్టుండే బోడి గుట్టలు, రోడ్డు పక్కన చింతచెట్లు. బోరులో నీళ్ళున్న చోట టమేటా తోట, లేనిచోట చెనిక్కాయ చేను. పాత అనంతపురం జిల్లాకి ఏడాది మొత్తంలో పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అది కూడా అదను చూసి పడదు. వాన తప్పిన ఏడు ఇళ్ళకు తాళాలు పడతాయి, బెంగుళూరు బస్సులు నిండుతాయి. అందుకే ఈ పల్లెల్లో నెలజీతం వచ్చే ఉద్యోగం అంటే ఇంటికి ఒక చెరువు దక్కినంత లెక్క!

ధనుర్మాసం చలిలో అయిదు గంటలకు లేచి రోడ్డు మీదికి వస్తే ఆ ఆశ కళ్ళ ముందే పరిగెత్తుతూ కనిపిస్తుంది. మగపిల్లలు సరే, తలకు మఫ్లర్ చుట్టుకుని, చుడీదార్ మీద స్వెట్టర్ వేసుకుని ఆడపిల్లలు కూడా! కొందరి కాళ్ళకు బూట్లున్నాయి, కొందరికి అన్నదమ్ముల పాత బూట్లు, ఒకమ్మాయికి ఉత్త రబ్బరు చెప్పులు. అందరి గురీ పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగమే.

పది నిమిషాల ముప్ఫై సెకన్లు

ఆ పరీక్ష సంగతి కాస్త చెప్పుకోవాలి. 2022 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. మొదటి రాతపరీక్ష 2023 జనవరిలో జరిగింది. పరుగు పరీక్షలు మాత్రం వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబరు ఆఖరుకి గానీ మొదలు కాలేదు. అంటే దాదాపు రెండేళ్ళు! ఆడపిల్లలు 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తాలి. అది తప్పనిసరి. దాంతోపాటు 100 మీటర్లు 18 సెకన్లలోనో, 2.75 మీటర్ల లాంగ్ జంపో, రెండింట్లో ఒకటి నెగ్గాలి.

రెండేళ్ళ పాటు ఎవరు మాత్రం రోజూ పరిగెత్తుతారు చెప్పండి! చేలో కూలి, ఇంట్లో వంట, మధ్యలో పెళ్ళి మాటలు. పరీక్ష తేదీ వచ్చిందనగానే మాత్రం మర్నాటి నుంచే అయిదారు కిలోమీటర్లు, అదీ తారురోడ్డు మీద. పదిహేను రోజులు తిరక్కుండానే కాళ్ళు ఎదురు తిరుగుతాయి.

"ఇక్కడక్కా, ఎమిక పొడుగునా నొస్తాంది. పరుగు మొదులు పెట్టేటప్పుడు జాస్తి, రోంచేపటికి తగ్గుతాది, ఇంటికి పోయినాక మళ్ళా పట్టుకుంటాది" అని ఒకమ్మాయి మోకాలి కింద, కాలి లోపలి అంచున చెయ్యి పెట్టి చూపించింది. ఆ పిల్ల తల్లి పక్కనే ఉంది. "రాత్రంతా కాళ్ళు పిసుక్కుంటా ఉంటాదమ్మా. నిలిపెయ్యే అంటే ఇనదు. ఉద్యోగం పోతాదంట" అంది. అవ్వేమో ఇదంతా బోరునీళ్ళ మహిమ అని తేల్చేసింది.

అవ్వ మాటను కొట్టిపారేయలేం. ఈ జిల్లాలో చాలా చోట్ల బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువే. కానీ ఆ నొప్పులు ఏళ్ళ తరబడి మెల్లగా ముదిరి నడుము, మెడ, కీళ్ళు బిగుసుకుపోయేలా చేస్తాయి. పరుగుతో మొదలై కాలెముక లోపలి అంచున పట్టుకునే ఈ నొప్పి వేరు. డాక్టర్లు దీన్ని షిన్ స్ప్లింట్స్ అంటారు. ఊళ్ళో పిల్లలకి మాత్రం ఇది 'ఎమిక నొప్పే'!

ఎందుకొస్తుందంటే...

ఎముక అంటే రాయి కాదు. బరువు పడేకొద్దీ లోపల కొంత అరుగుతూ, మళ్ళీ తనను తాను కట్టుకుంటూ ఉంటుంది. ఈ కట్టుబడికి వారాలు పడుతుంది. ఒక్కసారిగా పరుగు పెంచేస్తే అరుగుదల ముందు, కట్టుబడి వెనక అయిపోతుంది. ఎముక మీది పొరా, దాన్ని అంటిపెట్టుకున్న పిక్క కండరాలూ ఒరుసుకుపోయి నొప్పెడతాయి. గట్టి రోడ్డు, అరిగిన బూట్లు, చదునైన పాదాలు, బలం లేని పిక్కలు ఇవన్నీ తోడైతే మరీనూ. మగపిల్లల కంటే ఆడపిల్లలకు ఇది ఎక్కువగా వస్తుంది.

దీన్ని ఓర్చుకుని పరిగెత్తితే ఏమవుతుంది? ఒరుపు కాస్తా సన్నటి పగులు కావచ్చు. అప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పరుగు బంద్. రెండు మూడు వారాల విశ్రాంతికి భయపడిన పిల్ల, చివరికి పరీక్షే పోగొట్టుకుంటుంది. నొప్పి మాత్ర మింగి పరిగెత్తడం ఇంకా ప్రమాదం. మాత్ర నొప్పిని దాస్తుంది గానీ ఎముకను కట్టదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

నొప్పి జానెడు మేర పరుచుకున్నట్టుంటే మామూలు ఒరుపు అనుకోవచ్చు. వేలు పెట్టి చూపించగలిగినంత ఒక్కచోటే చురుక్కుమంటున్నా, వాపున్నా, రాత్రి పడుకున్నప్పుడూ నడిచినప్పుడూ నొప్పి ఉన్నా, ఒంటికాలి మీద గెంతలేకపోయినా పరుగు ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవచ్చు. ఫిల్ములో ఏమీ లేదు కదా అని మర్నాడే రోడ్డెక్కకండి.

ఇంట్లో చేసుకోదగ్గవి

* రెండు నుంచి నాలుగు వారాలు పరుగు తగ్గించండి, నొప్పి ఎక్కువైతే పూర్తిగా ఆపండి. ఈలోపు నొప్పి పుట్టించనంత మేర నడక, సైకిలు ఫర్వాలేదు.

* ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 15 నిమిషాలు అద్దండి. ఫ్రిజ్ లేదా? కుండనీళ్ళలో తడిపిన తువ్వాలు చుట్టండి. నొప్పి ఉన్న ఎముక మీద గట్టిగా నూనె మర్దన మాత్రం వద్దు.

* నొప్పి తగ్గాక మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు మెల్లగా ఎత్తి దించండి. 15 సార్ల చొప్పున మూడు విడతలు. గడప మీద వద్దు సుమా, అవ్వలు ఊరుకోరు!

* నడకలో నొప్పి పూర్తిగా పోయాక ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. అలా 20 నిమిషాలు, రోజు విడిచి రోజు. ఆ తర్వాత వారానికి పదోవంతు చొప్పున పెంచుకోవచ్చు.

* తారు కంటే చదునైన మట్టిదారి, బడి మైదానం మేలు. అడుగు పొట్టిగా వేస్తే ఎముక మీద దెబ్బ తగ్గుతుంది.

* డబ్బు ఖర్చు పెట్టాల్సి వస్తే ముందు బూట్లకే పెట్టండి. కాలికి సరిపోయేవి, అడుగున మెత్తగా ఉండేవి చాలు.

లెక్క వేస్తే 400 మీటర్ల చుట్టుకి రెండున్నర నిమిషాల పైనే సమయం ఉంటుంది. అలాంటివి నాలుగు చుట్లు. మామూలు ఆరోగ్యం ఉన్న అమ్మాయికి మూడు నాలుగు నెలల నిదానమైన సాధన చాలు. రోజూ ఆరు కిలోమీటర్లు అక్కర్లేదు. తేదీ కోసం కాచుకోకుండా వారానికి మూడు రోజులు కొద్దికొద్దిగా పరిగెత్తుతూ ఉండటమే అసలు జాగ్రత్త.

అమ్మలకు ఒక మాట

తెల్లారి పరుగు, పగలు చెనిక్కాయ చేలో కూలి, రాత్రి చదువు. మధ్యలో తినేది రెండు ముద్దలు! తిండి చాలని ఒంట్లో ఎముక కట్టుబడి సరిగ్గా జరగదు. పరుగు పెట్టే పిల్లకు నెలసరి తప్పుతున్నా, నెలల తరబడి రాకపోయినా 'పోనీలే, ఒక బాధ తప్పింది' అనుకోకండి. ఒంటికి తిండి చాలడం లేదని, ఎముక బలహీనపడుతోందని చెప్పే గుర్తు అది. డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. అలాగే రక్తం తక్కువైతే ఆయాసం వచ్చి పరుగు సాగదు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

అదృష్టం కొద్దీ, ఎముకకు కావలసింది ఈ సీమ వంటింట్లోనే ఉంది. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలకన్నా రెట్టింపు పైనే! చెనిక్కాయల్లో మాంసకృత్తులు సరేసరి. తనకల్లులో ఆ తల్లి మాకు పెట్టిన భోజనం మీ కోసం:

రాగి సంగటి: గ్లాసు బియ్యం కడిగి అరగంట నానబెట్టి, నాలుగు గ్లాసుల నీళ్ళలో ఉప్పు వేసి మెత్తగా ఉడికించాలి. నీళ్ళు ఇంకా కొంచెం ఉండగానే గ్లాసున్నర రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్న సెగ మీద పది నిమిషాలు ఉంచాలి. దించి, తెడ్డుతో ఉండలు లేకుండా గట్టిగా గెలికి, తడిచేత్తో ముద్దలు చేయాలి.

చెనిక్కాయల ఊరిబిండి: కప్పు చెనిక్కాయ విత్తనాలు దోరగా వేయించి పొట్టు తీయాలి. ఆరు పచ్చిమిర్చి నూనెలో మగ్గించి, నిమ్మకాయలో సగమంత చింతపండు, నాలుగు వెల్లుల్లి రేకలు, ఉప్పు చేర్చి కచ్చాపచ్చాగా నూరాలి. చివర్లో ఉల్లిపాయ ముక్కలు వేసి ఒక్క తిప్పు తిప్పితే చాలు.

పరుగు నుంచి వచ్చిన పిల్లకి గంటలోపే ఇది వేడివేడిగా పెట్టండి. పక్కన గ్లాసుడు మజ్జిగ మరిచిపోకండి!